పొత్తిళ్ళూ పోటీలూ

మంగళవారం రాత్రి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి ఒక ప్రకటన చదివి వినిపించింది. కాన్పు, మంత్రసాని పని, ఈ రెండింటి మీద బొమ్మలు వేసేవాళ్ళకీ కుట్టుపని చేసేవాళ్ళకీ పోటీ పెట్టారట. నెగ్గితే కొంత డబ్బు, మూడు వారాల రెసిడెన్సీ. ఉండటానికి గది, పని చేసుకోవడానికి పెద్ద హాలు, వేళకి భోజనం. పంపడానికి తన దగ్గర బొంత ఉంది. వాళ్ళ అమ్మమ్మగారి పాత నూలుచీరలు నాలుగు పొరలు వేసి, కడుపుతో ఉండగా మొదలుపెట్టి, పిల్లాడు పుట్టాక ముగించింది. నాకు చాలా సంతోషమేసింది. అంతలో చివరి నిబంధన చదివింది. రెసిడెన్సీకి పిల్లల్ని తీసుకురాకూడదు.

"వాడికి ఏడు నెలలు పెద్దమ్మా. ఇంకా పాలు మానలేదు," అంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పురుడు గురించి ఆలోచించడానికి రమ్మని పిలిచి, బిడ్డను గుమ్మం బయట వదిలి రమ్మంటారా? ఈ కాలమ్ రాయడానికి కూర్చున్నప్పుడు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కాన్పుకు పోటీలేమిటి, హాయిగా ఇంట్లో కూర్చుని కుట్టుకో తల్లీ అని.

అలా చెప్పడానికి ఆధారమూ ఉంది. పిట్స్‌బర్గ్ అంటే మనకు గుట్టమీది వేంకటేశ్వరుడి గుడి. ఆ ఊళ్ళోనే ఉండే లెంకా క్లేటన్ అనే కళాకారిణి, తల్లి అయ్యాక, 2012లో తన ఇంటినే రెసిడెన్సీగా ప్రకటించుకుంది. నిద్ర చాలకపోవడం, ధ్యాస చెదిరిపోవడం, పిల్లాడు పడుకున్న కాసేపే పని సాగడం, వీటిని అడ్డంకులుగా చూడలేదు, ముడిసరుకుగా తీసుకుంది. కొడుకు నోట్లోంచి తీసిన 63 వస్తువుల్ని, బొత్తాలూ నాణేలూ లాంటివాటిని, వరుసగా పేర్చి ప్రదర్శనకు పెట్టింది. పిల్లల్ని పెంచిన ఎవరికైనా ఆ వరుస చూడగానే వేలు నోట్లో పెట్టి తీసిన చింతగింజ గుర్తొస్తుంది. 2016లో ఆ పద్ధతిని అందరికీ తెరిచింది. అప్పటినుంచి ఎన్నో దేశాల్లో వందలమంది తల్లులు తమ ఇళ్ళలోనే రెసిడెన్సీలు పెట్టుకున్నారు.

ఇంకో ఆధారం కళాకారిణి జూడీ షికాగో. పాశ్చాత్య చిత్రకళలో కాన్పు బొమ్మల కోసం వెతికితే ఆమెకు దాదాపు ఏమీ దొరకలేదు. యుద్ధాలు కావలసినన్ని ఉన్నాయి, మనిషి పుట్టే క్షణం లేదు. 1980లో ‘బర్త్ ప్రాజెక్ట్’ మొదలుపెట్టింది. తను బిడ్డల్ని కనలేదు, కన్నవాళ్ళు చెప్పింది విన్నది. ఆమె గీసిచ్చిన బొమ్మల్ని 1985 దాకా నూటయాభైమందికి పైగా స్త్రీలు, చాలామంది తమ ఇళ్ళలోనే, సూదితో, దారంతో, క్రోషేతో పూర్తి చేశారు. వాళ్ళకు కూలి ముట్టలేదన్న విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. అయితే బొమ్మ పక్కన కుట్టినామె పేరు ఉంటుంది.

చేసిన చేతి పేరు లేని వస్తువు నాకు సగమే కనిపిస్తుందని ఈ పేజీలో చాలాసార్లు రాశాను. కలంకారీ దుప్పటితో మొదలుపెట్టినా, ఏటికొప్పాక బొమ్మతో మొదలుపెట్టినా చివరికి అక్కడికే వస్తానని మీకు తెలుసు. ఈసారి ఆ మాట నన్ను నేను పుట్టిన గదిలోకి తీసుకుపోయింది.

గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మగారింట్లో, పెరటివైపు కొట్టుగదిలో పుట్టాను. ముసురు పట్టిన రాత్రట. మంత్రసాని పెరటిదోవన వచ్చింది. ఆమెకు వీధిగుమ్మం లేదు. మన ఊళ్ళలో చాలాచోట్ల ఆ పని చేసింది దళిత కుటుంబాల స్త్రీలూ, మంగలి కుటుంబాల స్త్రీలూ. మామూలు రోజుల్లో అరుగు ఎక్కనివ్వని మనిషిని ఆ ఒక్క రాత్రి లోపలికి పిలిచి రెండు ప్రాణాలు చేతిలో పెట్టేవాళ్ళు. బొడ్డు కోసింది. మాయ పడేదాకా అమ్మ పొట్ట మీంచి చెయ్యి తీయలేదు. నన్ను పాతచీర పొత్తిళ్ళలో చుట్టి చాటలో పడుకోబెట్టింది. ఆ తర్వాత పదకొండు రోజులూ వచ్చి తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోసింది. పీటమీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళమీద నన్ను బోర్లా వేసుకుని నలుగు పెట్టేదట. పురుడు వెళ్ళాక ఒక చీర, చాటెడు బియ్యం ఇచ్చారు. ఆమె గడప దాటాక గది కడిగారు.

ఇదంతా అమ్మ చెప్పిందే. పొత్తిళ్ళకు చింపిన చీర వంకాయరంగుదనీ, అంచు పసుపనీ కూడా చెప్పింది. "ఆమె పేరేమిటమ్మా?" అని అడిగాను.

"మంత్రసాని," అంది. "అందరం అలాగే పిలిచేవాళ్ళం."

మూడేళ్ళకు తమ్ముడు ఆసుపత్రిలో పుట్టాడు. ఆ డాక్టరమ్మ పేరు, ఇంటిపేరుతో సహా, ఎనభై దాటాక కూడా అమ్మ నాలుకమీదే ఉంది.

ఇంట్లో కుట్టుకో అని రాయబోయిన చెయ్యి ఇక్కడ ఆగిపోయింది. ఆ విద్య తరతరాలుగా ఇంట్లోనే, పెరటిగదిలోనే ఉంది కదా. ఎవరూ బొమ్మ గీయలేదు, పేరు రాసుకోలేదు. అదంతా బంగారుకాలమని నేననను. అమ్మమ్మ చెల్లెలు ఆ గదిలోనే తొలికాన్పులో పోయింది. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. ఇప్పుడు నర్సులకు మళ్ళీ మిడ్‌వైఫరీ నేర్పుతున్నారు. నన్ను బయటికి తీసిన చేతులకు ఏమేమి తెలుసో ఆ పాఠాల పక్కన పెట్టి చూద్దామంటే, మా ఇంట్లో ఆమె మాట ఒక్కటీ మిగల్లేదు.

అమెరికా దక్షిణాదిలో నల్లజాతి మంత్రసానుల్నీ ఇలాగే పక్కకు నెట్టేశారు. కానీ జార్జియా ఆరోగ్యశాఖ కోసం జార్జ్ స్టోనీ 1953లో ‘ఆల్ మై బేబీస్’ తీశాడు. మంత్రసానులకు పాఠంగా తీసిన సినిమా. ఆల్బనీ ఊరి మేరీ కోలీ అందులో తన పని తను చేస్తుంది, నిజం కాన్పే. 2002లో దాన్ని జాతీయ చలనచిత్రాల జాబితాలో చేర్చి భద్రపరిచారు. అంతకుముందు, 1951 డిసెంబరులో, దక్షిణ కరోలినా నర్సు-మంత్రసాని మాడ్ కాలెన్‌ను యూజీన్ స్మిత్ తీసిన ఫొటోలు ‘లైఫ్’ పత్రికలో వచ్చాయి. అవి చూసి పాఠకులు పంపిన డబ్బుతో 1953కల్లా ఆమెకు క్లినిక్ వచ్చింది. టెనెసీ మంత్రసాని ఐనా మే గాస్కిన్ ఏకంగా బొంతే కుట్టించింది. కాన్పు కారణంగా చనిపోయిన తల్లి ఒక్కొక్కరికి ఒక్కో గుడ్డముక్క. 2021లో అమెరికాలో లక్ష జననాలకు దాదాపు 33 మంది తల్లులు చనిపోయారు, నల్లజాతివాళ్ళలో దాదాపు 70. అప్పట్లో ఆ అంకెలు చదివి పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆ బొంత ఫొటోని మాత్రం పేరు తర్వాత పేరు చదవకుండా పక్కన పెట్టలేకపోయాను.

పోటీ అన్న మాట నాకు ఇప్పటికీ నచ్చదు. పిల్లల్ని రానివ్వని నిబంధన తప్పేనని నిర్వాహకులకు ఉత్తరం రాశాను, జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉంటాను. కానీ గురువారం పొద్దున్నే చెల్లెలి కూతురికి ఫోన్ చేసి పంపించమన్నాను.

"మరి వీడు?"

"నా దగ్గరుంటాడు. రెసిడెన్సీ ఉన్న ఊరు మా ఇంటికి నలభై మైళ్ళు. రోజుకి రెండుసార్లు తీసుకొస్తాను. కార్లో కూర్చుని పాలిచ్చి వెళ్ళు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బొంత ఫొటో పంపింది. మధ్యలో చాపిన రెండు కాళ్ళు, వాటిమీద బోర్లా పడుకున్న బిడ్డ, అంతా వంకాయరంగు దారంతో. ఎప్పుడో చిన్నప్పుడు మా అమ్మ చెబుతుంటే పక్కన కూర్చుని విన్నదట. కింద ఒక మూల బెత్తెడు చోటు ఖాళీగా ఉంది. అది పేరుకోసం వదిలిందట.

దరఖాస్తుకు నెలాఖరు దాకా గడువుంది. అమ్మమ్మగారి వీధిలో తొంభై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. ఆదివారం ఆవిడకు ఫోన్ చేస్తున్నాను.