అంకె పెరగకముందే

మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ గురించి ముప్ఫై ఏళ్లకు పైగా తరగతిలో పాఠం చెప్పాను. పిక్రిక్ ఆమ్లంతో కలిస్తే నారింజ రంగు తేలుతుందని 1886లో యాఫే గమనించిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టేవాణ్ణి. క్రియాటినిన్ అన్న మాటను ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా అనగా విన్నది మాత్రం ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఫోన్‌లోనే.

ఈమెది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ. ఇప్పుడు అందరికీ కిడ్నీ జబ్బుతోనే గుర్తుకొస్తోంది. హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరి, మూత్రపిండంలోని సన్న నాళాల కణాలను పెంచుతోంది. నీటిలో ఉండే సిలికా వంటివి వాటిని ఏం చేస్తాయో చూడడం ఆమె పని. ఆమె పరిశోధన కమిటీలో నేను బయటి సభ్యుణ్ణి. మొదటి ఏడాది సమావేశంలో స్లయిడ్లు సరిగా లేవు. ఇంగ్లిష్ తడబడింది. కల్చర్‌కు రెండుసార్లు బూజు పట్టిందని ఒప్పుకుంది. నివేదికలో ‘శ్రద్ధ పెరగాలి’ అని రాసి ఇంటికొచ్చేశాను.

కొన్నాళ్లకు తార్నాకలో ఒక ఇరానీ హోటల్లో కనిపించింది. నన్ను చూసి లేచింది గానీ చెవి దగ్గర ఫోన్ తియ్యలేదు. అవతల ఒక ముసలి గొంతు, “ఈపాలి ఎంతొచ్చినాది గుంటా?” అంటోంది. “క్రియాటినిన్ 1.9 పిన్నీ. పోయినసారి 1.6. నొప్పి మాత్రలు మింగకు. పలాస ఆసుపత్రికి ఎప్పుడెల్తన్నావు?” అని, ఆ తర్వాతే నాకు నమస్కారం పెట్టింది. ఊళ్లో రిపోర్టు వస్తే దాని ఫొటో ముందు ఈమెకే చేరుతుందట. మందు మాత్రం చెప్పదు. అంకె చదివి, డాక్టర్ దగ్గరికి పంపుతుంది.

బూజు సంగతీ ఆ రోజే తెలిసింది. మేనమామకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. తోడు ఉండేవాళ్లు లేనప్పుడల్లా ఈమె రాత్రి రైలెక్కేది. 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోని కణాలకు ఆదివారం సెలవుండదు. వాటిని చూసుకోమని ఇంకొకరికి అప్పగించి వెళ్లేది. “ముందే చెప్పొచ్చు కదమ్మా?” అన్నాను. “అడగలేదు కద సార్” అంది. మాటలో నిష్ఠూరం లేదు. నాకే తల వంగింది.

మూత్రపిండాల పనిలో దాదాపు సగం పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు. పిల్లలకు ఏటేటా చెప్పిన సంగతే. మా కమిటీ నివేదికలూ అంతే. మనిషి సగం అలిసిపోయాక గానీ వాటిలో ఏమీ కనబడదు.

ఈ పుస్తకంలోని పన్నెండు వ్యాసాల్లో మూడు నన్ను పట్టి కూర్చోబెట్టాయి. ఒకటి 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిచెట్లను కూల్చిన రాత్రి గురించి. అప్పటికి ఈమె ఇంటర్ చదువుతోంది. రెండోది నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ కాగితం మీదే ఉండి చేతికి రాని రోజుల్లో అప్పు చేసి గడిపిన హాస్టల్ జీవితం. అన్నిటికన్నా గొప్పది మూడోది. “కారణం ఏటి?” అని ఊరు అడుగుతుంది. నీరు, సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండ, జన్యువులు, ఒక్కొక్కటీ ముందు పెట్టి, దేనిలో ఎంత ఆధారం ఉందో చెప్పి, “ఇంకా తేలలేదు” అని ఊరుకుంటుంది. అయినవాళ్ల ముందు ఆ మాట అనడానికి చదువొక్కటే చాలదు.

లోపాలు లేవని అనను. ప్రయోగశాల గురించిన వ్యాసంలో పరిభాష ఎక్కువై, పిన్నికి అర్థంకాని పేజీలు నాలుగైనా ఉన్నాయి. ఫోన్‌లో అంత తేటగా మాట్లాడే మనిషి అక్కడ కూడా అలాగే రాయవలసింది. మలి ముద్రణలో దిద్దుకుంటుందని నా నమ్మకం.

చిరంజీవికి ఆశీస్సులు. వచ్చే నెలలో రెండో ఏడాది సమావేశం. ఈసారి కలం తీసేముందు టీకి పిలుస్తాను.

తార్నాక, హైదరాబాద్