కావలి చేప, తవ్వరి రొయ్య: ఒక పాఠముపై విమర్శ

సహజీవనమును గూర్చి పాఠము చెప్పేటప్పుడు తరచుగా వినబడే ఉదాహరణ గోబీ చేప, పిస్తోలు రొయ్యల జంట. సముద్రపు అడుగున ఇసుకలో రొయ్య బొరియ తవ్వుతుంది. చేప వాకిట నిలిచి కావలి కాస్తుంది. రెండూ ఒకే ఇంట కాపురముంటాయి. చలనచిత్రములలోను, ప్రదర్శనల పటములలోను, గాజుతొట్టెల ప్రక్కన ఉంచిన పలకలపైనను ఈ కథ ఒకే విధముగా సాగుతుంది: రొయ్య గుడ్డిది, చేప దానికి కన్ను, రొయ్య చేతిలో తుపాకి ఉన్నది, రెండూ ప్రాణస్నేహితులు. వినడానికి ఇంపుగా ఉన్నది. పిల్లలు ఒక్కసారి వింటే మరచిపోరు. అందువలననే దీనిని కొంచెము ఆగి పరీక్షించవలసి ఉన్నది. మరువరాని పాఠములో తప్పు దొర్లితే ఆ తప్పు కూడా మరువరానిదే అవుతుంది.

ముందుగా ఈ కథకు రావలసిన మెప్పు ఇవ్వాలి. మూలవిషయము సత్యమే. లూథర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్ర సముద్రములో ఈ జంటను పరిశీలించి 1958లో వివరించినాడు. తరువాత ఇజ్రాయెలుకు చెందిన ఇలాన్ కార్‌ప్లస్ మొదలైనవారు ఈ పరిశీలనను చాలాకాలము కొనసాగించినారు. రొయ్య బొరియ వెలుపలికి వచ్చినప్పుడు తన మీసమును, అనగా స్పర్శశృంగమును, చేప దేహముపై ఆనించి ఉంచుతుంది. అపాయము కనబడితే చేప తోకను చటుక్కున కదలిస్తుంది. ఆ కదలిక మీసము ద్వారా తెలిసి రొయ్య లోపలికి పోతుంది. అపాయము మరీ దగ్గరైతే చేప కూడ తల ముందుగా బొరియలోనికి దూకుతుంది. ఇంతవరకు పరిశీలించిన విషయము. ఇక పైన చేరిన అలంకారములను చూద్దాము.

మొదటిది 'గుడ్డి రొయ్య' అన్న మాట. ఈ రొయ్యకు కళ్లున్నవి. తల పైనున్న చిప్ప ముందంచు వాటిమీద పారదర్శకమైన గొడుగువలె కప్పి ఉంటుంది. చూపు మాత్రము మందము. గుడ్డిది అని తేల్చి చెబితే విద్యార్థికి జాలి కలుగుతుంది గాని ప్రశ్న కలుగదు. చూపు మందమైన జీవి స్పర్శను ఏ విధముగా వాడుకొంటున్నది? తోక ఊపు వంటి చిన్న కదలికలో ఎంత వార్త ఇమడగలదు? పాఠమునకు ప్రాణము ఈ ప్రశ్నలే.

రెండవది తుపాకి. రొయ్య పెద్ద పటకా మూసినప్పుడు రెండు వ్రేళ్లు కొట్టుకొని శబ్దము వస్తుందని పూర్వము అనుకొనేవారు. 2000లో వెర్స్‌లూయిస్, లోజె మొదలైనవారు సెకనుకు 40,000కు పైగా చిత్రములు తీసే కెమెరాతో పరిశీలించి సంగతి వేరని చూపినారు. పటకా మూసుకొనే వేగమునకు నీరు సన్నని ధారగా ఎగజిమ్ముతుంది. ఆ వడికి అక్కడ పీడనము తగ్గి ఒక బుడగ ఏర్పడుతుంది. చుట్టునున్న నీటి ఒత్తిడికి అది వెంటనే నలిగిపోతుంది. శబ్దము ఆ నలుగుటలో పుట్టినది. 2001లో అదే బృందమువారు, నలిగే క్షణములో అతి స్వల్పమైన కాంతి కూడ వెలువడుతుందనీ, బుడగ లోపల వేడిమి కనీసము 5,000 కెల్విన్లు ఉండవలెననీ తెలియజేసినారు.

దీనిని 'సూర్యునివంటి వేడి, తుపాకిని మించిన మ్రోత' అని పటములపై వ్రాస్తున్నారు. ఆ వేడి కంటికి కనబడనంత చిన్న బుడగలో, సెకనులో కోటి భాగములలో ఒక భాగమైన నిలువదు. ప్రక్కనున్న నీటిని కాచే శక్తి దానికి లేదు. మ్రోత సంగతీ అంతే. నీటిలో డెసిబెల్‌ను లెక్కించే ప్రమాణము వేరు, గాలిలో వేరు. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుట, సేరునూ మూరనూ పోల్చినట్లు. అద్భుతము కావాలంటే అసలు విషయములోనే ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో నీటిలోని ధ్వనులను వినే నౌకాదళములకు ఈ రొయ్యల గుంపుల చిటపటలు అడ్డము వచ్చినవి. ఇంతకంటె కల్పన ఎందుకు?

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, 'స్నేహము'. ఈ మాటతో విచారణ ముగిసిపోతుంది. పరస్పర లాభము అనే మాటతో విచారణ మొదలవుతుంది. ఎవరికి ఏమి దక్కుతున్నది? ఒకరిని తొలగిస్తే రెండవదాని గతి ఏమి? చేపకు ఇల్లు దక్కుతున్నది. రొయ్యకు ఆరుబయట మేసే వ్యవధి దక్కుతున్నది. 2017లో జపాను పరిశోధకులు, బొరియలో చేప విసర్జించిన మలము కూడ రొయ్యకు ఆహారమవుతుందని తెలియజేసినారు. ప్రాణస్నేహితుల కథలో ఇటువంటి విషయమునకు చోటు దొరుకుట కష్టము. పరస్పర లాభము యొక్క లెక్కలో దీనికి మంచి చోటున్నది.

ఇక గాజుతొట్టె. ఇంటిలో ఉప్పునీటి తొట్టె పెట్టి ఈ జంటను పెంచేవారు ఉన్నారు. అది చేతకాని పని కాదు గాని తేలికైన పనీ కాదు. సముద్రపు ఉప్పు మిశ్రమముతో నీటి సాపేక్ష సాంద్రత 1.025 దరిదాపులలో ఉంచాలి. వేడిమి 25 డిగ్రీల సెల్సియస్ చుట్టుప్రక్కల నిలపాలి. అమ్మోనియాను నైట్రైటుగాను, దానిని నైట్రేటుగాను మార్చే సూక్ష్మజీవులు స్థిరపడే వరకు కొన్ని వారములు జీవులను వేయరాదు. రాళ్లను ఇసుకపై కాక తొట్టె అడుగు గాజుపైనే నిలపాలి. లేకున్న రొయ్య త్రవ్వకమునకు రాయి కూలి జంట నలిగిపోతుంది. రాగి కలిసిన చేపల మందు రొయ్యకు విషము. మూత లేకపోతే గోబీ బయటికి దూకుతుంది. ఏ రొయ్యకు ఏ చేప అన్నదీ తెలియాలి: వందకు పైగా గోబీ జాతులకు ఈ అలవాటున్నది గాని, ఆల్ఫియస్ రొయ్యలలో కొద్ది జాతులకే ఉన్నది.

ఇంత చేసినా తొట్టె చూపేది సగమే. మీసము ఆనించుట కనబడుతుంది. ఒక్కొక్కప్పుడు బొరియ గాజు ప్రక్కగా సాగి లోపలి కాపురమూ కనబడుతుంది. కాని తొట్టెలో వేటాడే పెద్ద చేప ఉండదు. అపాయము లేనిచోట కావలి విలువ తెలియదు. కనుక తొట్టె పరిశీలనకు సాధనమే గాని ఋజువు కాదు.

ఈ సందర్భములో రాజోలిని తలచుకొందాము. గద్వాల ప్రాంతములో తుంగభద్ర ఒడ్డున మగ్గముల చప్పుడు వినబడే ఊరు. సముద్రము రెండువందల కిలోమీటర్లకు పైగా దూరము. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. విద్యుత్తు ఆగిన నాడు తొట్టె నీరు కాగి, అందులో కరిగిన ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఆ బడిలోని విద్యార్థి ఈ జంటను బొమ్మలోనే చూడాలి. అతని నదిలోనూ గోబీ కుటుంబపు చేప ఉన్నది: ఇసుకదొందు. కాని అది ఏ రొయ్యకూ కావలి కాయదు. చిన్న రొయ్యలు దొరికితే తింటుంది. కుటుంబము పేరును బట్టి గుణము చెప్పరాదన్న పాఠము ఊరి రేవులోనే ఉన్నది.

సహజీవనపు పాఠము అంతకంటె దగ్గర. రాజోలి చుట్టు పొలములలో వేరుశనగ మొక్కను నెమ్మదిగా పెకలించి వేళ్లు కడిగితే చిన్న బుడిపెలు కనబడతాయి. ఒకదానిని గోటితో చీల్చితే లోపల గులాబి రంగు. అందులోని రైజోబియం సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. మొక్క వాటికి చక్కెరలు ఇస్తుంది. ఆ పొలపు మట్టితోనే రెండు కుండలు నింపి వేరుశనగ నాటి, ఒకదానికి యూరియా వేయండి. నలభై రోజుల తరువాత రెంటి వేళ్లను కడిగి బుడిపెలను లెక్కించండి. నత్రజని ఉచితముగా దొరికిన మొక్కకు సాధారణముగా బుడిపెలు తక్కువగా ఉంటాయి. స్నేహమనే మాటతో దీనిని వివరించండి చూద్దాము! ఇచ్చిపుచ్చుకొనుట అంటే వెంటనే బోధపడుతుంది.

గోబీని, రొయ్యను పాఠమునుండి తీసివేయమని నా వాదము కాదు. పడుగు లేక పేక నిలువనట్లు, కంటితో చూచి చేతితో పరీక్షించిన ఉదాహరణ ఒకటి ముందు లేకపోతే దూరపు అద్భుతము నిలువదు. ముందు వేరుశనగ వేరు, తరువాత ఎర్ర సముద్రపు బొరియ. ఆ క్రమములో చెబితే విద్యార్థి కావలి చేప కథ వింటూ తానే అడుగుతాడు: "ఆ చేపను తీసివేస్తే రొయ్య ఏమి చేస్తుందండీ?" ఆ ప్రశ్న వచ్చిన తరగతిలో పాఠము సఫలమైనట్లే.