మేస్త్రీ పరచిన నేల

సింగరేణి గనులలో యౌవనమును ధారవోసి, మోకాళ్లు వంగని వయసున గోదావరిఖని యిండ్లలో విశ్రమించుచున్న వృద్ధకార్మికులకై స్వల్పవ్యయముతో మరుగుదొడ్డికి నేల పరచు తాపీమేస్త్రీ నేర్పు నాకు మిక్కిలి గౌరవార్హముగ దోచును. గృహస్థు అంగడిలో మెరయు పలకలపై ముచ్చటపడినను, తడిసినంతనే పాదము జారునని యాతని వారించి, గరుకు పలకలనో, మెరుగుపెట్టని తాండూరు బండలనో అతడు కోరును. బండ సున్నపురాయి గావున యాసిడ్ పోసి కడుగవలదనియు ముందే చెప్పును. అంతకును స్తోమత చాలనిచో సిమెంటు గచ్చునే గట్టిగా మెత్తి, ఆరకమునుపే కుంచెతో సన్నని గరుకు దేర్చును. గరుకు మితిమీరెనా, మలినము గీతలలో నిలిచి కడుగుటకు లొంగదు. చాలకున్న, వృద్ధుని తుంటియెముకకే ముప్పు. ఆ మేర అరచేతికే తెలియును.

సందులను సిమెంటుపాలతో పూడ్చి, గోడమూలలను గుండ్రముగ దీర్చి, గజమునకు సుమారు ముప్పాతిక అంగుళపు వాలును రసమట్టముతో సరిచూచి, పోసిన చెంబెడు నీరు ఎచ్చటను నిలువక బేసినువైపు సాగువరకు అతడు లేవడు. గడప తొలగించి చక్రాలకుర్చీకి దారి యిచ్చుట మాత్రము కొందరే యెరుగుదురు. 2014లో స్వచ్ఛభారత్ ఆరంభమైన పిమ్మట మరుగుదొడ్లను లెక్కించినంత శ్రద్ధతో వాని నేలలను పరీక్షింపవలసియుండెను. బసంతనగరపు సిమెంటు చేరువనే దొరకు ఈ సీమలో, ఇట్టి మేస్త్రీ కూలిలో బేరమాడుట తగదు.