ఎరుకా, మరుపా? పొడంపేట ఒడ్డున కృష్ణమూర్తి పుస్తకం

జిడ్డు కృష్ణమూర్తి పుస్తకాలు మా బరంపురం మిత్రుల మధ్య చాలాకాలంగా చేతులు మారుతున్నాయి. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు, మనసు బాగోలేనప్పుడు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అలా నాకు వచ్చింది 'ఫ్రీడమ్ ఫ్రమ్ ది నోన్'. మేరీ లట్యెన్స్ కూర్చగా 1969లో వచ్చిన ఈ చిన్న పుస్తకాన్ని లోగడ రెండుసార్లు చదివాను. రెండుసార్లూ తలూపాను. మూడోసారి పొడంపేటకు తీసుకెళ్లాను. అక్కడ తల ఊగలేదు. ఎందుకో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

పుస్తకం చెప్పేది క్లుప్తంగా ఇది. మనం మనిషినైనా, చెట్టునైనా, మనలో రేగిన కోపాన్నైనా ఉన్నదున్నట్టు చూడం. నిన్నటి జ్ఞాపకాలు అల్లిన బొమ్మను మధ్యన పెట్టుకుని చూస్తాం. అసలు చూసేవాడే ఆ జ్ఞాపకాల మూట. ఆ అడ్డు లేకుండా, మంచిచెడ్డలు ఎంచకుండా ఈ క్షణాన్ని గమనించగలిగితే మనసు దానంతటదే నిమ్మళిస్తుంది. శాంతికోసం ఒక పద్ధతి పెట్టుకుని కూర్చోవడం మరో కోరిక మాత్రమే. తనకోసం కట్టిన 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్'ను 1929లో తానే రద్దుచేసిన మనిషి కాబట్టి, గురువును నమ్ముకోవద్దని ఆయన అంటే నమ్మబుద్ధవుతుంది.

రచయితగా ఆయన బలం ఉపదేశంలో కంటె వర్ణనలో ఉందని నా అభిప్రాయం. 'కామెంటరీస్ ఆన్ లివింగ్' సంపుటాలలో తరచు ముందు ఒక నదో, చెట్టో, దారినపోయే బీదవాళ్లో కనబడతారు. ఆ తర్వాతే దుఃఖంతో ఒక మనిషి వస్తాడు. ఆ నాలుగు వాక్యాలు చదివేసరికి పాఠకుడికి చూడడమంటే ఏమిటో సగం తెలిసిపోతుంది. సంభాషణ ముదిరి సిద్ధాంతమయ్యేకొద్దీ ఆ తడి ఆరిపోతుంది.

ఇక పొడంపేట సంగతి. గంజాం జిల్లాలో ఋషికుల్య సముద్రంలో కలిసేచోట తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊరది. తాబేళ్లు వేలు లక్షలుగా వచ్చి గుడ్లు పెట్టే ఈ తీరం సంగతి శాస్త్రవేత్తలకు 1994లో తెలిసింది. ఊరివాళ్లకు ఎప్పుడో తెలుసు. ఈ శతాబ్దంలో సముద్రం కోసుకుంటూ వచ్చి ఇళ్లను మింగేసింది. జనం వెనక్కి జరిగి కొత్త కాలనీలో ఉంటున్నారు. పాత ఊరి మొండిగోడల్ని చూడడానికి ఫొటోలవాళ్లు వస్తుంటారు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా చేతిలో పుస్తకం చూసి అడిగాడు.

"అందులో ఏటుంది బాబూ?"

"గడిచిపోయింది వదిలేసి ఇప్పుడున్నది చూడమంటాడు తాతా."

"సూడకపోతే తెప్ప తిరగబడిపోద్ది. అది ఒకలు సెప్పాలేటి? గానీ వదిలీడమేటి బాబూ? నిన్నటి నీళ్ల రంగు మనసులో ఉంటేనే గదా, ఇయ్యాల మారిందని తెలిసీది!"

తర్వాత సముద్రంలోకి చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ కెరటం ఇరుగుతున్న సోట మా ఇల్లు." గొంతులో ఏడుపు లేదు. మరుపూ లేదు. మళ్లీ వల అందుకున్నాడు.

సాయంత్రం పుస్తకం తెరిస్తే అక్షరాలు ముందుకు సాగలేదు. కృష్ణమూర్తికి అన్యాయం చెయ్యకూడదు. దారి గుర్తుకూ, వృత్తికీ, భాషకూ జ్ఞాపకం అవసరమని ఆయన ఒప్పుకున్నాడు. 'నేను' అనేదాన్ని పెంచి పోషించే జ్ఞాపకమే బాధకు మూలమన్నాడు. తాత చెప్పిన నీళ్ల రంగు మొదటి రకంలోకి వస్తుంది. మరి కెరటం కింది ఇల్లు? అది వృత్తికి పనికొచ్చే సమాచారం కాదు. అహంకారమూ కాదు. పోయిన ఊరితో మనిషికున్న బాంధవ్యం అది. ఈ పుస్తకంలో దానికి చోటు కనబడదు. లోపం అక్కడ ఉందని నాకు తోచింది.

ఆయన జీవితం చూస్తే కారణం కొంత బోధపడుతుంది. 1895లో మదనపల్లెలో తెలుగింట పుట్టాడు. పదేళ్లకే తల్లి పోయింది. 1911లో ఇంగ్లండు తీసుకెళ్లారు. కాలక్రమాన తెలుగు మరిచిపోయాడు. తనకు బాల్యం పెద్దగా జ్ఞాపకం లేదని చెప్పుకునేవాడు. ఆయనకది భారం తగ్గడమై ఉండవచ్చు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక ఇక్కడ ఉండిపోయిన మనబోటివాళ్లకు మాత్రం ఆ వాక్యం చదివితే గుండె కలుక్కుమంటుంది. మా ఇంట్లో మనవలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఆ దిగులు చెప్పుకుంటే, "గతం పట్టుకుని వేలాడకండి, ఉన్నదానితో ప్రశాంతంగా ఉండండి" అని మిత్రులు నాకు ఈ పుస్తకాలే ఇస్తారు.

నేడు ప్రపంచమంతా చెప్పుకునే 'మైండ్‌ఫుల్‌నెస్' అనే మాట వెనుక ఉన్నది పాళీ పదం 'సతి'. రైస్ డేవిడ్స్ 1881లో దాన్ని అలా ఇంగ్లీషు చేశాడు. సంస్కృతంలో అది 'స్మృతి'. అంటే జ్ఞాపకమే! ఉన్న క్షణంలో మెలకువగా ఉండడానికి బౌద్ధులు పెట్టుకున్న పేరు మరవకుండా ఉండడమన్నమాట. తాత ఈ మాట విని ఉండడు, తెప్ప మీద ఆచరించాడు.

ఇదే ఋషికుల్య ఒడ్డున, ఎగువన జౌగడలో అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారని పశ్చాత్తాపపడే 13వ శాసనం అక్కడ చెక్కలేదు. దాని బదులు అధికారులు ప్రజల్ని బిడ్డల్లా చూసుకోవాలనే శాసనాలు చెక్కించాడు. మంచి మాటలే. అయినా దెబ్బతిన్న నేల మీద దెబ్బ ఊసు లేకుండా శాంతి చెబితే వినేవాడికి ఏదో వెలితిగానే ఉంటుంది.

కృష్ణమూర్తిని చదవవద్దని నేననను. ఈర్ష్య, పగ, పాత అవమానం నమిలేవాడికి ఆయన గొప్ప వైద్యుడు. పోగొట్టుకున్నవాడికి ఆ పుస్తకం ఇచ్చేముందు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. ముందు అతని ఇల్లెక్కడుండేదో అడగాలి. అతను చెయ్యి చూపించినవైపు కాసేపు మనమూ చూడాలి. అలా చూడడమే ఎరుక అంటే, ఆయన కూడా కాదనడనుకుంటాను.