హార్డిన్ బయల్లో మట్టి లేదు

పశువుల మేత వల్ల నేల పాడవుతోందన్న చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి గారెట్ హార్డిన్ పేరు రావాల్సిందే. 1968 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆయన ‘ట్రాజెడీ ఆఫ్ ది కామన్స్’ నిజానికి జనాభా పెరుగుదల మీద వ్యాసం. పచ్చిక బయలు అందులో ఒక ఉపమానం. ప్రతి కాపరీ తన లాభం కోసం ఇంకో పశువుని తోలుకొస్తాడు, నష్టం అందరి మీదా పడుతుంది, చివరికి బయలే మిగలదు. చదువుతుంటే ఎదురు చెప్పాలనిపించనంత నున్నటి తర్కం.

నాకు పేచీ ఆ నునుపుతోనే. ఆ బయల్లో పశువులున్నాయి, లాభనష్టాలున్నాయి. మట్టి లేదు, వాన లేదు.

మట్టి తలలొక్కటే లెక్కపెట్టదు. తడినేలని డెక్కలు తొక్కితే అది గట్టిపడుతుంది. తర్వాతి వాన ఇంకకుండా పైమట్టిని కోసుకుపోతుంది. గడ్డిని మొదలంటా కొరికితే వేళ్ళు చిక్కిపోతాయి. అదే మంద కొన్నాళ్ళు మేసి కదిలిపోయి, గడ్డి తేరుకున్నాకే తిరిగొస్తే నష్టం చాలా తగ్గుతుంది. ఎన్ని పశువులన్నదే కాదు, ఎప్పుడు, ఎంతసేపు, మళ్ళీ ఎన్నాళ్ళకి అన్నవీ ప్రశ్నలే. మన రైతులు కాపరికి ఎదురిచ్చి మరీ కోతలైన పొలంలో గొర్రెల మంద కట్టించుకుంటారు కదా. అవే డెక్కలు, అక్కడ ఎరువు.

ఇంకోటి, హార్డిన్ కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అసలు కాపరులు మాట్లాడుకుంటారు. ఎలినార్ ఆస్ట్రమ్ 1990 నాటి పుస్తకంలో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామం గురించి రాసింది. అక్కడ 1517 నుంచీ ఒక కట్టుబాటు: చలికాలమంతా ఇంట్లో ఎన్ని ఆవుల్ని సాకగలవో, కొండమీది ఉమ్మడి పచ్చికకి అన్నే తోలాలి. అజమాయిషీ లేని ఉమ్మడి అని స్పష్టంగా అనకపోవడం తన తప్పేనని 1998లో హార్డిన్ కూడా ఒప్పుకున్నాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు గడిచాయి.

ఆయన చూపిన దారులు రెండే: సొంత ఆస్తి చేయడం, లేదా సర్కారు అదుపు. మన మెట్ట ఊళ్ళలో ఏమైంది? ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల ఊళ్ళు తిరిగి ఎన్.ఎస్. జోధా 1986లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1950ల మొదటికీ 1980ల మొదటికీ మధ్య ఉమ్మడి భూములు 31 నుంచి 55 శాతం దాకా తగ్గాయి. కొంత పంచిపెట్టారు, కొంత ఆక్రమించుకున్నారు. మందలు మాత్రం మేయాల్సిందే. మిగిలిన బీడు మీదే ఆ బరువంతా పడింది.

అతిమేత అబద్ధమని నేననడం లేదు. గట్టిపడ్డ నేలా, కోతపడ్డ వాలూ కళ్ళెదుటే ఉన్నాయి. కానీ అది చూసి కాపరి అత్యాశ అనేసే ముందు, అతని మంద మేసే బయలు ఒకప్పుడు ఎంత ఉండేదో అడగాలి. హార్డిన్ వ్యాసం మనకి ఆ ప్రశ్న అడిగే అలవాటే తప్పించింది.