పేచీ లేని పేజీ

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచినా పైన ‘చర్చ’ అని ఓ లంకె ఉంటుంది. చదవడానికి వచ్చినవాళ్ళు మామూలుగా దాని జోలికి పోరు. నేను ముందు అదే నొక్కుతాను. వ్యాసంలో నిలిచిన వాక్యం ఎన్ని అభ్యంతరాలు దాటుకుని వచ్చిందో అక్కడే తెలుస్తుంది. లంకె ఎర్రగా ఉందంటే లోపల ఏమీ లేదన్నమాట. ఎవరో రాశారు, ఎవరూ కాదనలేదు. తీరిక వేళల్లో ఈ దిద్దుబాట్ల పనిలో పడ్డాక నాకో అనుమానం బలపడింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి రాసేవాళ్ళు తక్కువని అందరం వాపోతాం గానీ, అంతకంటే పెద్ద కరువు కాదనేవాళ్ళకు వచ్చింది.

‘ఎవరు పడితే వాళ్ళు రాసేదేగా, దాన్నేం నమ్ముతాం’ అని వికీ గురించి తరచూ వింటుంటాం. రాయడం ఎవరైనా రాయొచ్చు, నిజమే. రాసింది నిలబెట్టుకోవడమే కష్టం. మీరు చేసిన ప్రతి మార్పూ ‘ఇటీవలి మార్పులు’ పేజీకి ఎక్కుతుంది. ఆ వ్యాసాన్ని వీక్షణ జాబితాలో పెట్టుకున్నవాళ్ళ కంట పడుతుంది. నచ్చకపోతే రద్దు చేస్తారు. మీరు మళ్ళీ పెడితే, వాళ్ళు మళ్ళీ తీస్తే, అది దిద్దుబాటు యుద్ధం. ఇంగ్లీషు వికీపీడియాలో ఒక పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను రద్దు చేసినవారిపై నిషేధం పడవచ్చు. అంతదాకా రానివ్వకుండా చర్చ పేజీకి వెళ్ళి, ‘ఫలానా గారూ, ఈ వాక్యానికి ఆధారం ఏమిటి?’ అని అడగడం మర్యాద. అక్కడ తలలు లెక్కపెట్టి తేల్చేస్తే సరిపోదు. ఎవరి మాటకు గట్టి ఆధారం ఉందో చూడాలి.

తెలుగువాడికి ఈ పద్ధతి మొదట గుచ్చుకునేది విశేషణాల దగ్గర. మనం సన్మాన పత్రాలు వింటూ, ముందుమాటలు చదువుతూ పెరిగాం. కవి అయితే మహాకవి, నటుడైతే నటనకు మారుపేరు, ఊళ్ళో బడి కట్టించినాయన అపర కర్ణుడు. వికీలో ఇలాంటి మాట పక్కన ‘ఆధారం చూపాలి’ అని చిన్న అక్షరాల్లో పడుతుంది. ఎవరన్నారు? ఎక్కడన్నారు? జవాబు రాకపోతే విశేషణం పోతుంది. పుట్టిన సంవత్సరం, వేసిన పుస్తకాలు, కట్టించిన బడి మిగులుతాయి. వ్యాసంలో ఎంతటివారికైనా ‘గారు’ తగిలించరు. చర్చలో మాత్రం నిన్న చేరిన కుర్రవాడూ ‘గారే’. గౌరవాన్ని వ్యాసంలోంచి తీసుకొచ్చి రాసేవాళ్ళ మధ్య పెట్టిన ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది.

వరంగల్ ప్రాంతంలోని ఒక ఊరి పేజీలో ‘ఇక్కడి చెరువు కాకతీయుల కాలం నాటిది’ అని ఉంది. ఆధారం అడిగాను. రాసినాయన ఆ ఊరివారే. ‘మా ఊళ్ళో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడండీ’ అన్నారు. ‘చెబుతాడు గానీ, వాడికి ఎవరు చెప్పారో కావాలండీ’ అన్నాను. నాలుగు రోజులకు ఒక దినపత్రిక జిల్లా పేజీలో వచ్చిన కథనం తెచ్చి పెట్టారు. చదివితే వికీలో ఉన్న వాక్యమే, కామా కూడా మారకుండా. పేజీ చరిత్ర తీసి తేదీలు చూస్తే, వికీలో వాక్యం ముందు, పత్రికలో కథనం తరువాత. అంటే మన మాటకు మన మాటే సాక్షి. ఆయనకు కోపం వచ్చింది. కానీ ఆ కోపంతోనే గ్రంథాలయానికి వెళ్ళి ‘తెలంగాణా శాసనములు’ సంపుటం తిరగేశారు. పొరుగూరి చెరువు దొరికింది గానీ ఈ ఊరిది దొరకలేదు. చివరికి వ్యాసంలో మిగిలింది చెరువు పేరు, దాని కింద సాగయ్యే భూమి. పొరుగూరి పేజీకి మాత్రం ఒక శాసనం ఆధారంగా చేరింది. ఆ తరువాత ఆయన నా వాక్యాల మీద కూడా అదే ప్రశ్న వేయడం మొదలుపెట్టారు. అంతకంటే మంచి సహచరుడు నాకు ఆ పనిలో దొరకలేదు.

అయితే ఆయన అడిగిన ఒక మాటకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఊరి పెద్దలు తరతరాలుగా చెప్పుకునేది ఎందుకు పనికిరాదు? మెకంజీ కైఫియతులనే తీసుకోండి. రెండు శతాబ్దాల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య వంటివారు ఊరూరా సేకరింపజేసిన కథనాలవి. కరణాల దగ్గరి రికార్డులతో పాటు ఊరివాళ్ళు నోటితో చెప్పింది కూడా అందులో బోలెడు. అప్పుడు కాగితం మీదికి ఎక్కింది కాబట్టి ఇప్పుడది చారిత్రక ఆధారం. ఇవాళ అదే అరుగు మీద కూర్చుని చెప్పే ముసలాయన మాట ‘మౌలిక పరిశోధన’ కిందికి పోతుంది. దానికి వికీలో చోటు లేదు. 2011లో అచల్ ప్రభల అనే పరిశోధకుడు ఈ ప్రశ్న మీదే ఒక ప్రయోగం నడిపారు. హిందీ, మలయాళం, సెపెడి భాషల వికీపీడియాల కోసం మనుషుల మాటలను రికార్డు చేసి, ఆ రికార్డునే ఆధారంగా చూపారు. నాకు ఇందులో సగం ఒప్పుదల ఉంది. రికార్డు ఉంటే నాతో విభేదించేవాడు కూడా అది విని తన వాదన తాను చేయగలడు. ‘అందరికీ తెలుసు’ అన్న మాటతో వాదించడానికి ఎవరికీ పట్టు దొరకదు.

ఒక్కోసారి గొడవ వాక్యం గురించి కూడా కాదు, వరుస గురించి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రభుత్వానికి అది ఒక ఉత్తర్వు. వికీలో వేల గ్రామాల పేజీల్లో మొదటి వాక్యం ఒక్క రాత్రిలో పాతబడిపోయింది. జనాభా లెక్కలు చూస్తే 2011వి, అంటే పాత జిల్లాల కింద తీసినవి. ముందు కొత్త జిల్లా చెప్పాలా, లెక్కకు ఆధారమైన పాతది చెప్పాలా? చింతూరు సంగతి చూడండి. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, తరువాత ఖమ్మం, 2014లో రాష్ట్ర విభజన తరువాత మళ్ళీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఈ చరిత్రంతా రెండు వాక్యాల్లో ఇమడాలి. చదివిన ఇటువాడికీ అటువాడికీ తన పక్షాన ఎవరో మాట్లాడారని గానీ, తనను ఎవరో తోసేశారని గానీ అనిపించకూడదు. ఎవరికీ పూర్తిగా నచ్చకపోయినా ఎవరూ తప్పు పట్టలేని వాక్యం రాయడం ఎంత పెద్ద విద్యో ఇలాంటి చోటే తెలిసొస్తుంది.

ఇంత పని చేస్తున్న సముదాయం చాలా చిన్నది. ‘రచ్చబండ’ అనే పేజీలో సాధక బాధకాలు మాట్లాడుకునేవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. చిక్కంతా అక్కడే. పెళ్ళి భోజనంలో పప్పులో ఉప్పు తగ్గిందని ఏ బంధువూ అనడు కదా. ఒక పెద్దాయన తన సొంత ఖర్చుతో వేసుకున్న కవితా సంపుటాల గురించి తానే పేజీ పెట్టుకుంటే, విషయ ప్రాముఖ్యత లేదని తొలగింపు ప్రతిపాదన పెట్టడానికి చెయ్యి రాదు. వయసులో పెద్దవారు, నాలుగు మంచి వ్యాసాలు రాసినవారు, రేపు సమావేశంలో పక్క కుర్చీలో కూర్చునేవారు. మనం మొహమాటపడితే పేజీ అలాగే ఉండిపోతుంది. పదేళ్ళ తరువాత ఎవరో విద్యార్థి దాన్ని తన పరిశోధనలో ఉదహరిస్తాడు.

మొహమాటానికో నిర్లక్ష్యానికో వదిలేస్తే ఏమవుతుందో వేరే భాషలవాళ్ళు అనుభవించారు. స్కాట్స్ భాష వికీపీడియాలో వేల వ్యాసాలు ఆ భాష రాని ఓ అమెరికా కుర్రవాడు రాశాడని 2020లో బయటపడింది. పిల్లవాడుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి ఏళ్ళ తరబడి ఇంగ్లీషు వాక్యాలకే స్కాట్స్ వేషం కట్టాడు. దురుద్దేశమేమీ లేదు. చూసి అడ్డుకున్నవారూ లేరు. క్రొయేషియన్ వికీపీడియాది మరో రకం. ఒకే రాజకీయ ధోరణి ఉన్న కొద్దిమంది నిర్వాహకులు కూడబలుక్కుని, కాదన్నవాళ్ళను బయటికి పంపి, సుమారు పదేళ్ళపాటు యుద్ధకాలపు చరిత్రను తమ ఇష్టానికి తిప్పి రాశారు. 2013లో ఆ దేశ విద్యామంత్రే పిల్లలకు ఆ వికీపీడియా వాడొద్దని చెప్పాల్సివచ్చింది. దీనికి ఎదురు సాక్ష్యం 2019లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. ఇంగ్లీషు వికీపీడియాలో భిన్న రాజకీయాల వాళ్ళు కలిసి రాసిన వ్యాసాలు, ఒకే వైపువాళ్ళు రాసినవాటి కంటే నాణ్యంగా ఉన్నాయని అది తేల్చింది. వాళ్ళ చర్చ పేజీలు కూడా పొడవుగా, విషయం మీద నిలబడి సాగాయట.

పేచీలన్నీ పనికొచ్చేవని నేననను. ‘స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్’ సినిమా పేరులో ‘ఇన్‌టు’ను పెద్ద ఐతో రాయాలా, చిన్న ఐతో రాయాలా అని ఇంగ్లీషు వికీపీడియన్లు 40,000 మాటలకు పైగా వాదించుకున్నారు. మన లిపికి ఆ బెడద లేదు, అదృష్టం. పేచీకి బలయ్యేది ఎక్కువగా కొత్తవాళ్ళు. మొదటిసారి రాసిన రెండు వాక్యాలూ కారణం చెప్పకుండా రద్దయితే రెండోసారి రారు. అందుకే రద్దు చేసేవారు సారాంశం పెట్టెలో ఒక్క ముక్క రాసి వెళ్ళాలి: ఎందుకు తీశారు, ఏం తెస్తే మళ్ళీ పెట్టొచ్చు. అడ్డుచెప్పడం రాసినదానికి, రాసిన మనిషికి కాదు. ఈ గీత టీవీ చర్చల్లో చెరిగిపోయి చాలా కాలమైంది. నాకు తెలిసి అది ఇంకా గట్టిగా కనిపించే కొద్ది చోట్లలో వికీ ఒకటి.

తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1923లో పోయేనాటికి మూడు సంపుటాలు వెలువడ్డాయి; అప్పటికి ఇంకా ‘అ’కారమే నడుస్తోంది. ఒక మనిషి మీద ఆనుకున్న పని ఆ మనిషితో ఆగింది. మళ్ళీ ఎత్తుకోవడానికి కాశీనాథుని నాగేశ్వరరావు రావాల్సివచ్చింది. మన చెరువు గొడవలో తిరగేసిన శాసనాల సంపుటాన్ని వేసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి కూడా లక్ష్మణరావు పేరు పెట్టుకున్నదే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఒక మనిషి మీద ఆనుకోలేదు; వ్యాసాలు లక్ష దాటాయి. ఇంతవరకు సంతోషమే. కానీ లక్ష పేజీలకు కాపలా కాయడానికి, కాదనడానికి, పుస్తకం పేరూ పుట సంఖ్యా చూపి ఎదురు నిలవడానికి సరిపడా మనుషులు లేరు. మీ ఊరి పేజీలో అబద్ధం ఉంటే మీకంటే ముందు పట్టుకోగలిగేవాళ్ళు ఎవరు? కొమర్రాజు పేరిట తెలుగు వికీమీడియా సముదాయం రాసేవాళ్ళకు ఒక పురస్కారం నెలకొల్పింది. ఆయనే ఉంటే, సంపాదకుడు కాబట్టి, ఆ ఏటి అతి మంచి అభ్యంతరానికి కూడా ఒకటి ఇవ్వమనేవాడని నా ఊహ. ఈ ఊహకు ఆధారం చూపాలంటే మాత్రం నా దగ్గర లేదు.