ఖమ్మం పలకడంతో మొదలు

మా తల్లాడ సెంటర్లో బస్సు ఆగితే చాలు, "కమ్మం, కమ్మం" అన్న కేక వినిపిస్తుంది. ఎదురు వైపు బస్సు దగ్గర "బద్రాచలం". మన నోళ్లకు ఒత్తు బరువు. వాడుకలో అది తప్పు కాదు. కానీ తిరుపతి వెళ్లి సంస్కృత శాస్త్రం చదువుతానని వచ్చే పిల్లలకు ఆ రెండు ఊళ్ల పేర్లే నా మొదటి పాఠం.

ఈ మధ్య తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చింది. "అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని కమ్మం అను. ఇప్పుడు ఒత్తి ఖమ్మం అను" అన్నాను. రెండోసారి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "సారూ, చేతికి గాలి కొట్టింది!" "ఆ గాలే తల్లీ, ఒత్తంటే." భద్రాచలంలో 'భ' పట్టుబడడానికి మాత్రం వారం పట్టింది.

ఆమె వెళ్లాలనుకుంటున్నది తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయానికి. 1961లో విద్యాపీఠంగా మొదలై, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పదో తరగతి తర్వాత ఇంటర్ లాంటి రెండేళ్ల ప్రాక్ శాస్త్రి, ఆపైన డిగ్రీ లాంటి శాస్త్రి, తర్వాత పీజీ లాంటి ఆచార్య. వ్యాకరణం, న్యాయం, జ్యోతిషం, వేదాంతం, ఆగమం అన్నీ ఉంటాయి. ఆడపిల్లలూ చదువుకోవచ్చు. అదే ఊళ్లో 2006లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయం ఉంది గానీ, అది ముఖ్యంగా పాఠశాలలో వేదం చెప్పుకున్న పిల్లల దారి.

మా రోజుల్లో నాకు దారి చెప్పినవాళ్లు లేరు. పదో తరగతి అయ్యాక ఒక్క వేసవిలో శబ్దాలన్నీ బట్టీ పట్టి పైచదువుకు వెళ్లాను. మొదటి రోజు చదవమంటే శ, ష, స మూడూ నా నోట ఒక్కటిగానే వచ్చాయి. అలవాటైన నాలుకను తిప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. అర్థం మీద పెట్టాల్సిన రెండేళ్లు అవి.

అందుకే ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టమంటాను. మన జిల్లా పరిషత్ బడుల్లో చాలావాటిలో సంస్కృతం పీరియడు లేదు. అయినా హిందీ పాఠం పుణ్యమా అని నాగరి లిపి వచ్చేసి ఉంటుంది. సగం భయం అక్కడే పోతుంది. ఇక మిగిలింది చెవీ, నోరూ. పాతకాలపు సంత పద్ధతికి మించింది నాకు తెలియదు. గురువు ఒక్కసారి అంటే శిష్యుడు రెండుసార్లు అనాలి. పుస్తకం తర్వాత. శబ్దరూపాల పుస్తకమైన శబ్దమంజరిలో రామ శబ్దం తీసుకుంటే సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, మొత్తం 24 రూపాలు. వారానికి ఒక్క శబ్దం చాలు. పదో తరగతి పూర్తయ్యేసరికి వందకు పైగా శబ్దాలు నాలుక మీద ఉంటాయి. ప్రతి ఆదివారం పాతవన్నీ ఒకసారి వల్లె వేయాలి. ఒక్క వారం మానేస్తే జారిపోయేవి కొత్తవే.

ఇది నెల రోజుల కోచింగ్‌తో వచ్చేది కాదు. నోటికి రావాల్సిన చదువు రోజూ కాస్త కాస్తగా దిగాల్సిందే, నారుమడికి నీళ్లు పెట్టినట్టు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్ల ఈ చదువు కావాలంటే "దీంతో ఏం వస్తుంది" అని మొదట్లోనే నోరు మూయించకండి. పంతులమ్మలారా, పంతుళ్లారా, బడి వదిలాక ఒక్క అరగంట ఇవ్వండి. ఖమ్మం స్టేషన్లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుపతిలో దిగొచ్చు. ఆ రైలెక్కే ముందు ఖమ్మం అని నిండుగా పలకడం నేర్పి పంపుదాం.